బొమ్మ చూసి బొమ్మ వెయ్యనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఈమధ్య మా ఊళ్ళో పిల్లల చిత్రలేఖన ప్రదర్శన ఒకటి పెట్టారు. ఇంటర్ చదివే ఒక అమ్మాయి, పాత డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన పాలు పోసే పనమ్మాయి బొమ్మను చూసి ఆయిల్ రంగుల్లో వేసి అక్కడ పెట్టింది. కింద చిన్న చీటీ మీద ‘వెర్మీర్ చిత్రానికి నకలు, నేర్చుకోవడానికి వేసినది’ అని దాపరికం లేకుండా రాసుకుంది కూడా. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి, ఆయనా డ్రాయింగ్ నేర్పేవారే, ఆ చీటీ చదివి ‘కాపీ కొట్టి గోడకి తగిలిస్తే ఆర్టిస్టువి అయిపోతావా, సొంతంగా ఏదన్నా వెయ్యి’ అని నలుగురిలో అనేసి ముందుకెళ్ళిపోయారు.

ఆయనొక్కరి మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. ఇదే మాట చాలామంది నోట విన్నాను, చదువుకున్నవాళ్ళ నోట మరీ ఎక్కువ. ఇళ్ళల్లో ఇదే ఇంకో రకంగా వస్తుంది, ‘ఉన్న బొమ్మే మళ్ళీ వెయ్యడం దేనికమ్మా, ప్రింట్ తీయించుకుంటే పోయేదానికి’ అని. నేను ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ ఆదివారాలూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నదాన్ని. పాత మాస్టర్ల బొమ్మలు, అందులోనూ మనుషుల బొమ్మలు, చూసి వెయ్యడం వల్లే నాకీ విద్య కాస్తయినా అబ్బింది. అందుకే చెప్తున్నాను, ఆ అమ్మాయి చేసింది సరైన పని, చెయ్యాల్సిన పని, దాన్ని చిన్నబుచ్చేవాళ్ళు తెలియకుండానే ఒక తలుపు మూసేస్తున్నారు.

సొంతంగా వెయ్యి అనడం తేలిక. దేంతో వెయ్యాలి? ఆయిల్ రంగు అనేది పెన్సిల్ లాగా చేతికి వెంటనే లొంగే సరుకు కాదు. ఒక పొర ఆరకముందు రెండోది వేస్తే బురద అవుతుంది, ఆరాక వేస్తే అంచులు కరుకుగా తేలతాయి, నూనె తక్కువైతే రంగు చచ్చిపోయినట్టు ఉంటుంది, కింద పొరలో నూనె ఎక్కువై పైన తక్కువైతే కొన్నాళ్ళకి పగుళ్ళు వస్తాయి. ఇవన్నీ ఒకేసారి బుర్రలో పెట్టుకుని, దానికి తోడు మనిషి నిలబడిన తీరు, వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఏ రంగు పక్కన ఏ రంగు అనేది కూడా సొంతంగా కనిపెట్టాలంటే కొత్తవాళ్ళు ఏం చేస్తారు, బెదిరిపోయి కుంచె పక్కన పెట్టేస్తారు. మాస్టర్ బొమ్మ ముందు కూర్చుంటే సగం టెన్షన్ ఆయన మోసేస్తాడు. మనిషిని ఎక్కడ నిలబెట్టాలో ఆయన తేల్చేశాడు, మనం ఆ వెలుతురు ఎలా కట్టాడో చూసుకుంటే చాలు. త్యాగరాజ కీర్తన నేర్చుకునే పిల్లని పట్టుకుని ‘ఎవరో రాసింది ఎందుకు పాడతావు, సొంతంగా కట్టుకో’ అని ఎవరూ అనరు కదా, బొమ్మల దగ్గరకి వచ్చేసరికే ఈ మాట ఎందుకు పుడుతుందో నాకు అర్థం కాదు.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సంగతి చూడండి. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1793లో, రాజుగారి బొమ్మల్ని జనానికి తెరిచినప్పుడు వాళ్ళకి పదేసి రోజుల వారం ఉండేది. ఆ పదింటిలో అయిదు రోజులు చిత్రకారులకీ నకళ్ళు వేసుకునేవాళ్ళకీ కేటాయించారు, రెండు రోజులు శుభ్రం చేసుకోవడానికి, మామూలు జనానికి మిగిలింది మూడే. అంటే మ్యూజియం ఉన్నది ముందు నేర్చుకునేవాళ్ళ కోసం, తర్వాతే చూసిపోయేవాళ్ళ కోసం అనుకున్నారన్నమాట. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, అనుమతి తీసుకుని ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టుకునే స్టాండు) వేసుకుని కూర్చునేవాళ్ళు ఇవాళ కూడా అక్కడ కనిపిస్తారు. అసలు బొమ్మ కొలతల్లోనే నకలు ఉండకూడదు, పెద్దదైనా కావాలి, చిన్నదైనా కావాలి అని నియమం పెట్టారు, మోసం జరక్కుండా. 1860ల మొదట్లో ఫ్రెంచి చిత్రకారుడు దెగా అక్కడ, స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేశాడని చెప్పే చిన్న రాకుమారి చిత్రాన్ని చూసి నేరుగా రాగిరేకు మీద గీస్తుంటే మానే అనే మరో చిత్రకారుడు వచ్చి పలకరించాడని, వాళ్ళ స్నేహం అలా మొదలైందని చెప్తారు. తర్వాతి కాలంలో ఆధునిక చిత్రకళకి దారి వేసినవాళ్ళలో ముఖ్యులు వాళ్ళిద్దరూ. సెజాన్, మాతిస్ కూడా ఆ హాళ్ళలో కూర్చుని పాత బొమ్మలు వేసినవాళ్ళే. వాళ్ళ సొంత గొంతు ఎక్కడికీ పోలేదు.

కొత్తవాళ్ళకే కదా ఇదంతా అంటారేమో. ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ 1628లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ వెళ్ళేనాటికి ఆయనకి యాభై దాటింది, యూరప్ అంతా పేరు మోగిపోతోంది, రాజుల తరఫున రాయబారాలు నడుపుతున్నాడు. అంతటివాడు అక్కడి రాజు దగ్గరున్న, ఇటలీ చిత్రకారుడు టిషియన్ బొమ్మల ముందు కూర్చుని నకళ్ళు వేశాడు. టిషియన్ పోయింది రూబెన్స్ పుట్టడానికి ఏడాది ముందు, అంటే గురువు ఎదురుగా లేడు, బొమ్మే గురువు. టిషియన్ ఆదాము, అవ్వ చిత్రమూ, దానికి రూబెన్స్ వేసిన నకలూ రెండూ ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, రూబెన్స్ దించుతూ దించుతూనే ఆదామును కాస్త వెనక్కి వాల్చాడు, ఒంటి కండలకి బరువు పెంచాడు, అసలు బొమ్మలో లేని ఒక చిలకని తెచ్చి చెట్టు మీద కూర్చోబెట్టాడు. చూసి వేసేవాడి బుర్ర పనిచేయదని ఎవరన్నా అంటే ఆ చిలకని చూపించండి.

ఇప్పుడు ఆ అమ్మాయి ఎంచుకున్న బొమ్మ గురించి. నేనూ దాని మీద చాలాకాలం కూర్చున్నాను కాబట్టి చెప్పగలను, ఎంపిక బహు చక్కటిది. వెర్మీర్ హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊరివాడు, 1632లో పుట్టి 1675లో పోయాడు, ఇవాళ ఆయనవి అని ఒప్పుకునే బొమ్మలు నలభై కూడా లేవు. ఈ బొమ్మ 1660 ప్రాంతంలోది, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41, అంటే మన లెక్కలో 18 అంగుళాలకి 16 అంగుళాలు, చంకలో పెట్టుకుపోయేంత. ఒక వంటగది మూల, ఎడమ పక్క కిటికీ, బల్ల మీద రొట్టెలు, ఒక పనమ్మాయి మట్టి కూజాలోంచి మట్టి గిన్నెలోకి పాలు వంపుతోంది. అంతే. కథ లేదు, రాణి లేదు, దేవత లేదు. తెల్లటి తలగుడ్డ, పసుపుపచ్చ రవిక, నీలం ఏప్రన్, ఎర్ర పావడా.

కొత్తవాళ్ళు అందరూ ముందు మొహం మీద పడతారు. నా మాట వినండి, ఈ బొమ్మలో ముందు గోడ వెయ్యండి. చూడ్డానికి ఖాళీ తెల్ల గోడ. దగ్గరకి వెళ్ళి చూస్తే అందులో ఉత్త తెలుపు అనేది దాదాపు లేదు. కిటికీ పక్కన, వెలుతురు పడని ఎడమ మూల, గోడ బూడిద కలిసిన నీలంలోకి దిగిపోతుంది, కుడివైపుకి వచ్చేకొద్దీ గోధుమ, పసుపు కలిసిన వెచ్చటి తెలుపు అవుతుంది. దాని మీద మేకులు కొట్టి పీకేసిన చిల్లులు, ఒకచోట ఇంకా ఉన్న మేకు, ఆ మేకుకి సన్నటి నీడ, సున్నం పెచ్చులు లేచిన చోట్లు. ఇవన్నీ ఎందుకు పెట్టాడు అంటే గోడ గోడలా నిలబడాలని. ట్యూబులోంచి తెలుపు తీసి పూసేస్తే గోడ వెనక్కి పోదు, మనిషి ముందుకి రాదు, బొమ్మ మొత్తం చదునుగా పడుంటుంది. తెలుపులో కొంచెం అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు), ఇంకో చోట కొంచెం నలుపు, మరో చోట ఓకర్ (పసుపు మట్టిరంగు) కలుపుకుంటూ, ఒక్కో బెత్తెడు గోడకి కొత్తగా రంగు కలుపుకుంటూ పోతే అప్పుడు తెలుస్తుంది వెలుతురు అంటే రంగుల మధ్య తేడాయే తప్ప ట్యూబులో దొరికే వస్తువు కాదని. ఈ సంగతి నాకు ఎవరు చెప్పినా తలకెక్కలేదు, ఆ గోడ వేస్తేనే ఎక్కింది.

ఇంకో గొప్ప సంగతి ఉంది ఆ గోడలో. పనమ్మాయికి ఎడమవైపు, కిటికీ వెలుతురు ఆమె మీద పడే వైపు, వెనక గోడ చీకటిగా ఉంటుంది. కుడివైపు, ఆమె ఒంటి మీద నీడ ఉన్న వైపు, గోడ వెలుగుతూ ఉంటుంది. వెలుగు వెనక చీకటి, చీకటి వెనక వెలుగు. మనిషి గోడలోంచి ఊడి వచ్చినట్టు నిలబడేది ఇందువల్లే. అది చాలదన్నట్టు కుడివైపు ఆమె ఒంటి అంచు వెంబడి సన్నటి తెల్ల గీత ఒకటి లాగాడు, మామూలుగా చూస్తే కంటికి ఆనదు, నకలు వేసేటప్పుడే దొరుకుతుంది. పుస్తకంలో ఈ బొమ్మని వందసార్లు చూసినవాళ్ళు కూడా ఆ గీత చూసి ఉండరు, కుంచె పట్టుకుని ఆ అంచు దగ్గర ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయినవాళ్ళకే అది కనబడుతుంది.

చేతుల దగ్గర కూడా కాస్త ఆగాలి. రవిక చేతులు పైకి మడుచుకుంది. మడత కింద మోచేతి దగ్గర చర్మం తెల్లగా ఉంటుంది, మణికట్టు దాటాక అరచేతి వైపు ఎర్రగా, ఎండకీ నీళ్ళకీ మొరటు తేలి ఉంటుంది. రోజూ పనిచేసే చెయ్యి అది. ఆ ఒక్క తేడాతో ఆమె ఎవరో, ఏం చేస్తుందో చెప్పేశాడు, మొహంలో ఏ హావభావమూ పెట్టాల్సిన పని లేకుండానే. ఈ తేడా వెయ్యాలంటే ఒకే చర్మం రంగు కలిపి పెట్టుకుని పూయడం కుదరదు, ఓకర్, లేత ఎరుపు, తెలుపు పాళ్ళు మార్చుకుంటూ రావాలి, నీడలోకి దిగేచోట అంబర్ కలపాలి, నలుపు మాత్రం ముట్టుకోకూడదు. ఇక్కడే చాలామందికి చెయ్యి తిరుగుతుంది.

రొట్టెల మీద అయితే చుక్కలు చుక్కలుగా లేత పసుపు, తెలుపు పెట్టాడు, దగ్గరికెళితే రంగు గుండ్లు, దూరం జరిగితే గరగరలాడే రొట్టె పెంకు. ఇది ఫోన్ తెరలో అర్థం కాదు.

మన దగ్గర దొరికే సరుకుతో ఈ బొమ్మ వెయ్యొచ్చా అంటే హాయిగా వెయ్యొచ్చు. ఆయన వాడిన నీలం అఫ్ఘానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చిన లాపిస్ రాయిని నూరి తీసింది, అప్పట్లో చాలా ఖరీదైన రంగుల్లో ఒకటి, దాన్ని తీసుకెళ్ళి పనమ్మాయి ఏప్రన్‌కి పూశాడు. మనకి ఆ ఖర్చు లేదు, 1820ల్లోనే ఫ్రాన్స్‌లో దీన్ని కృత్రిమంగా తయారుచేయడం కనిపెట్టారు, ఇవాళ అల్ట్రామెరీన్ బ్లూ అంటే ఏ ఆర్ట్ షాపులోనైనా ట్యూబు ఇస్తారు. ఆయన వాడిన తెలుపూ, ఆ లేత పసుపూ సీసంతో చేసినవి, విషం, వాటి జోలికి పోనక్కర్లేదు. టైటానియం వైట్ వాడుకోవచ్చు, కాకపోతే అది మహా బలమైన తెలుపు, చర్మంలో ఎక్కువ కలిపితే మనిషి పాలిపోయి సున్నం కొట్టినట్టు తయారవుతుంది, ఆచితూచి కలపాలి. కాన్వాస్ మీద ముందు పల్చటి అంబర్ పూత పూసి తెల్లదనం చంపెయ్యాలి. తర్వాత గళ్ళు గీసుకుని బొమ్మ దించుకోవాలి. గళ్ళు గీయడం అంటే మొహం చిట్లించేవాళ్ళున్నారు, ఒకప్పుడు మన సినిమా హాళ్ళ ముందు నిలబెట్టిన ఎన్టీఆర్, ఏఎన్నార్ బ్యానర్లు వేసినవాళ్ళు ఇలాగే గళ్ళు కొట్టుకుని అరచేతి ఫోటోలోంచి ఇరవై అడుగుల మొహం తీశారు, వాళ్ళని మించిన పనివాళ్ళని నేను చూడలేదు. తర్వాత అంబర్ ఒక్కదానితోనే, టర్పెంటైన్‌తో పల్చగా, వెలుగునీడలు మొత్తం తేల్చేసుకోవాలి. అది ఒకట్రెండు రోజుల్లో ఆరుతుంది. రంగులు ఆ పైన. కింద పొరల్లో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. ఏప్రన్‌కి కింద బూడిద నీలం వేసి ఆరాక, లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కలిపిన పల్చటి అల్ట్రామెరీన్ పూస్తే లోపల్నుంచి వెలిగినట్టుంటుంది. దీన్నే గ్లేజింగ్ అంటారు, ఎన్ని వీడియోలు చూసినా చేతికి రాదు, ఒకసారి పూస్తే వచ్చేస్తుంది. వర్షాకాలం మన కోస్తాలో ఏదీ ఒక పట్టాన ఆరదు, ఓపిక పట్టాలి. వార్నిష్ ఆర్నెల్లు ఆగాకే.

రెండు జాగ్రత్తలు పిల్లల తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడెయ్యకండి, నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది, నీళ్ళున్న డబ్బాలో వేసి మూత పెట్టండి, లేదా బయట విడివిడిగా పరిచి ఆరెయ్యండి. ఈ సంగతి చాలా క్లాసుల్లో చెప్పడం లేదు.

వెర్మీర్ ఈ బొమ్మ ఎలా కట్టాడన్నది మనకిప్పుడు ఇంకా బాగా తెలుసు. 2022లో రైక్స్ మ్యూజియంవాళ్ళు కొత్త స్కానింగ్ పద్ధతులతో పై రంగు కింద ఏముందో చూశారు. పనమ్మాయి తల వెనక గోడ మీద కూజాలు తగిలించుకునే పలక ఒకటి, కింద కుడివైపు మూలన నిప్పుల బుట్ట ఒకటి ముందు మొదలుపెట్టి తర్వాత కప్పేశాడని తేలింది. కింద నల్ల రంగుతో గబగబా గీసుకున్న గీతలు కూడా దొరికాయి. అంతకుముందు నుంచీ తెలిసిన సంగతి మరొకటి, ఆమె చేతికి కాస్త పైన కాన్వాస్‌లో సూది గుచ్చిన సన్నటి చిల్లు ఉంది, అక్కడ దారం కట్టి లాగి కిటికీ, బల్ల గీతలు కుదిరేలా చూసుకున్నాడని పరిశోధకులు చెప్తారు. ఇది చదివాక నకలు వేసేవాళ్ళకి ఒక మంచి కసరత్తు దొరుకుతుంది, ఆ కూజాల పలకని చిన్న కాగితం మీద వేసి చూడండి, ఆమె తల వెనక అది ఉంటే కన్ను ఎక్కడికి పోతుందో. ఆ ఖాళీ గోడ ఊరికే రాలేదు, తీసేసి తీసేసి సంపాదించుకున్నాడు. బొమ్మలోంచి ఏం తీసెయ్యాలో తెలియడం కంటే కష్టమైన పాఠం ఉందని నేననుకోను.

అయితే మన తెలుగు పిల్లలు డచ్చి పనమ్మాయిని ఎందుకు వెయ్యాలి అనే ప్రశ్న ఉంది, అది పనికిమాలిన ప్రశ్న కాదు. తెల్లవాళ్ళ పాలనలో పెట్టిన ఆర్ట్ స్కూళ్ళు మన పిల్లల చేత ఏళ్ళ తరబడి గ్రీకు విగ్రహాల ప్లాస్టర్ అచ్చుల్ని గీయించాయి, మన కళ మనకి పనికిరానిది అన్నట్టు చూశాయి, కలకత్తా ఆర్ట్ స్కూల్ ప్రిన్సిపాల్ హావెల్, చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ లాంటివాళ్ళు దానికి ఎదురుతిరగడంలో పూర్తి న్యాయం ఉంది. కానీ ఆ ఎదురుతిరిగినవాళ్ళు చేసిన మొదటి పెద్ద పనుల్లో ఒకటి ఏమిటో చూడండి. క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి 1909 నుంచి 1911 మధ్య అజంతా గుహల్లో కుడ్యచిత్రాలకి నకళ్ళు తీయించినప్పుడు, అవనీంద్రుడి శిష్యులు నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, కె. వెంకటప్ప, సమరేంద్రనాథ్ గుప్తా వెళ్ళి ఆ గుహల చీకట్లో కూర్చుని వేశారు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది, అందుకే హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ కూడా ఆ పనిలో చేరారు. సయ్యద్ అహ్మద్ తర్వాత అజంతాకే క్యూరేటర్ అయ్యాడు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా నకళ్ళ గ్యాలరీ ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడండి, గుహల్లో అసలు బొమ్మలు చెదిరిపోతున్నకొద్దీ వీటి విలువ పెరుగుతోంది. నందలాల్ తర్వాతి జీవితమంతా ఆ అజంతా గీత కనబడుతూనే ఉంటుంది. ఆయన్ని కాపీరాయుడు అనే ధైర్యం ఎవరికైనా ఉందా?

కాబట్టి ఎవర్ని చూసి వెయ్యాలన్నది ఏం నేర్చుకోవాలన్నదాన్ని బట్టి ఉంటుంది. గీత నేర్చుకోవాలంటే అజంతా కంటే గొప్ప బడి లేదు. ఆయిల్ రంగు పొరలు పొరలుగా ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలంటే ఆ విద్యని పండించిన హాలండ్, ఇటలీ, స్పెయిన్ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, అందులో నామోషీ ఏమీ లేదు. నేర్చుకున్నాక మన మనుషుల్ని వెయ్యడమే కదా కావాల్సింది. డచ్చివాళ్ళ చర్మం రంగుల లెక్క మన వాళ్ళకి అచ్చంగా సరిపోదు, మన చామనఛాయకి బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ మట్టిరంగు), ఓకర్, అంబర్ మీద పని జరగాలి, వెలుగు పడ్డచోట తెలుపు దట్టిస్తే బూడిద తేలుతుంది, అక్కడ పసుపు, నారింజ వైపు జరిగి, చివర్లో చర్మం మీద ఆకాశం వెలుతురు మెరిసేచోట మాత్రం లేశమంత చల్లటి నీలం తెలుపు పెట్టాలి. కానీ ఆ మణికట్టు దగ్గర రంగు మారడం ఉంది చూశారూ, అది నాట్లు వేసి వచ్చిన మనిషి చేతిలోనూ అలాగే ఉంటుంది. వెర్మీర్ దగ్గర అది చూడ్డం నేర్చుకున్నాక మా వీధిలో గిన్నెలు తోముకునేవాళ్ళ చేతులు నాకు వేరేగా కనబడ్డం మొదలుపెట్టాయి, ఇప్పుడు నేను వేస్తున్నవి అవే.

నకలుకీ నకిలీకీ తేడా తెలియక కూడా కొందరు భయపడతారు. హాన్ వాన్ మీగరెన్ అనే డచ్చివాడు వెర్మీర్ పేరు మీద దొంగ బొమ్మలు అమ్మాడు, 1937లో రోటర్‌డామ్ మ్యూజియం కోసం ఒకటి కొనేశారు, యుద్ధంలో ఒకటి నాజీ నాయకుడు గోరింగ్ దగ్గరికే చేరింది, 1945లో శత్రువుకి దేశ సంపద అమ్మాడని పట్టుబడితే అది దొంగదేనని నిరూపించుకోవడానికి సాక్షుల ముందు ఇంకోటి వేసి చూపించాల్సి వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే అతను అమ్మిన వెర్మీర్‌లు ఏ బొమ్మకీ నకళ్ళు కావు, అన్నీ సొంతంగా కల్పించినవే! మోసం ఉన్నది సంతకంలో. ఇది ఫలానావారి బొమ్మకి నకలు అని వెనక రాసి, మాస్టర్ సంతకం వెయ్యకుండా, కొలత మార్చి వేసుకున్న బొమ్మలో మోసం ఎక్కడుంది? ఆ అమ్మాయి పెట్టిన చీటీయే దానికి రుజువు.

ఇంకో సంగతి, ఇవాళ ఫోన్‌లో ఒక మీట నొక్కితే మన ఫోటో ఆయిల్ పెయింటింగ్‌లా వచ్చేస్తోంది, ఇంకెందుకీ కష్టం అంటున్నారు. ఫోన్‌లో వచ్చేది బొమ్మ. వేసేవాళ్ళకి వచ్చేది చూపు. ఒక పదహారేళ్ళ పిల్ల రీల్స్ మానేసి నెలల తరబడి ఒక గోడ రంగుని చూస్తూ కూర్చుందంటే మనం ఎగిరి గంతెయ్యాలి.

అందుకని అడుగుతున్నాను. హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలో కెనలెట్టో, హయేజ్ లాంటి ఇటలీ చిత్రకారుల అసలు పనులున్నాయి, ఆమ్‌స్టర్‌డామ్ టికెట్ కొనలేని మన పిల్లలకి అసలైన యూరప్ ఆయిల్ రంగుని రెండు అడుగుల దూరం నుంచి చూసే అవకాశం మూసీ ఒడ్డునే ఉంది. వారానికి ఒక పూట, జనం తక్కువ ఉండే వేళ, అనుమతి రాయించుకుని అయిదారుగురు ఈజిల్స్ వేసుకుని కూర్చునే దృశ్యం అక్కడ మామూలైపోవాలి. టర్పెంటైన్ వాసనకి భయమైతే ముందు పెన్సిల్‌తో, పాస్టెల్‌తో మొదలుపెట్టనివ్వండి, రంగు చిందకుండా కింద గుడ్డ పరిపించండి, నకలు వెనక ముద్ర కొట్టి బయటకి పంపండి, ఇవన్నీ ఇతర దేశాల్లో ఎప్పటినుంచో నడుస్తున్న ఏర్పాట్లే. మా రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన ఆ మహానుభావుడు మనుషుల ఒంటిని ఎంత శ్రద్ధగా చదివాడో ఆ గోడల మీద చూడొచ్చు. ఆయన బొమ్మల ముందు కూడా పిల్లలు కూర్చుని వేసే రోజులు రావాలి, మన మాస్టర్ మనకి ఉన్నాడు కదా.

డ్రాయింగ్ మాస్టార్లకీ ఒక విన్నపం. పోటీల్లో బహుమతులు సొంత బొమ్మలకే ఇవ్వండి, దాంట్లో నాకు పేచీ లేదు. కానీ ప్రదర్శనల్లో నేర్చుకోవడానికి వేసిన నకళ్ళకి ఒక గోడ విడిగా ఇవ్వండి, పక్కన అసలు బొమ్మ ప్రింటు పెట్టించండి, ఆ పిల్లని పిలిచి ‘ఈ నీలం ఎలా తెచ్చావు, ఎక్కడ ఇబ్బంది పడ్డావు’ అని అడగండి. ఆ జవాబుల్లో మీకూ ఏదో ఒకటి దొరుకుతుంది.

చివరిగా మీ పత్రికకే ఒక మాట. మీ ఆదివారం అనుబంధంలో నెలకి ఒక్క పేజీ, ఒక్క పాత బొమ్మకి ఇవ్వగలరా? పరిచయం నాలుగు లైన్లు చాలు, బొమ్మ మాత్రం పేజీ నిండా వెయ్యండి, కొలతలు రాయండి, ఎక్కడుందో రాయండి. రైక్స్ మ్యూజియం లాంటివాళ్ళు తమ పాత బొమ్మల్ని మంచి నాణ్యతతో నెట్‌లో ఉచితంగానే పెట్టారు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మా చిన్న ఊళ్ళల్లో మంచి కలర్ ప్రింట్ దొరకడం కష్టం, మీ పేజీ కత్తిరించి గోడకి అంటించుకుని దాని మీద గళ్ళు గీసుకునే పిల్లలు తప్పకుండా ఉంటారు. మొదటి నెల ఈ పాలు పోసే అమ్మాయినే వెయ్యండి, అచ్చులో ఏప్రన్ నీలం నల్లగా దిగిపోకుండా, గోడ పచ్చబడకుండా ప్రెస్సువాళ్ళకి ఒకమాట చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం